కాంక్రీటు పోత ఆపే హక్కు పోసే మనిషికే ఇవ్వండి

సంపాదకులు గారికి,

నమస్కారం. ఫ్యాక్టరీలో తయారయ్యే ఇళ్ల గురించి మీ ఆదివారం సంచికలో వచ్చిన వ్యాసం చదివాను. గోడలు, స్లాబులు యార్డులో పోసి, లారీల మీద తెచ్చి, క్రేనుతో నిలబెట్టే పద్ధతిని వ్యాసకర్త చక్కగా వివరించారు. అయితే మొదటి నుంచి చివరి దాకా వేగం ముచ్చటే. అంతస్తు ఎంత త్వరగా లేచింది, కూలీలు ఎంతమంది తగ్గారు, ఖర్చు ఎంత మిగిలింది అన్నవే అందులో ఉన్నాయి. ఆ ఇంట్లో కాపురముండే వాళ్లకు పదేళ్ల తర్వాత వానాకాలంలో గోడ చెమ్మెక్కుతుందా లేదా అన్న ప్రశ్న ఎక్కడా కనిపించలేదు. ఫ్యాక్టరీలో తయారవుతుంది కాబట్టి నాణ్యతకు ఢోకా లేదన్నట్టు ఒక్క మాటతో ఆ సంగతి ముగించారు. ఆ ఒక్క మాటతోనే నాకు పేచీ.

నేను నాణ్యత తనిఖీ ఉద్యోగినిని. మొదట శ్రీసిటీలో కార్ల విడిభాగాలు తయారుచేసే ఒక కర్మాగారంలో పనిచేశాను. పెళ్లయ్యాక హైదరాబాద్ వచ్చి, నగర శివార్లలోని ప్రీకాస్ట్ యార్డుల్లో, అంటే కాంక్రీటు గోడలు, స్లాబులు ముందే పోసి సైటుకు పంపే చోట్ల పనిచేస్తున్నాను. రెండు చోట్లా నా చేతిలో ఉన్నవి కొలత టేపు, తనిఖీ కాగితమే. లోపం కంటబడ్డాక ఏం జరుగుతుందన్న దగ్గర మాత్రం ఆ రెండు లోకాలకూ పోలికే లేదు. ఇళ్ల నాణ్యత అంతా అక్కడే తేలుతుందని నేను గట్టిగా నమ్ముతున్నాను.

యార్డు చూడనివారికి ఒక గోడ పలక ఎలా తయారవుతుందో ముందు చెప్పాలి. ఉక్కు బల్లను శుభ్రం చేసి నూనె పూస్తారు. గోడ కొలతకు తగ్గట్టు చుట్టూ అంచులు బిగిస్తారు. కిటికీ, తలుపు వచ్చే చోట్ల చట్రాలు పెడతారు. ముందే కట్టి ఉంచిన ఇనుప జాలిని దింపి, అది బల్లకు తగలకుండా కింద కవర్ బ్లాకులు సర్దుతారు. కరెంటు పైపులు, స్విచ్ బోర్డు పెట్టెలు, క్రేను పట్టుకునే కొక్కేలు, పక్క గోడ కడ్డీలు దూరడానికి గొట్టాలు, అన్నిటినీ ఆ దశలోనే వాటి వాటి చోట్ల కట్టేయాలి. ఆ తర్వాత కాంక్రీటు పోసి, వైబ్రేటర్‌తో కుదించి, పైభాగం నున్నగా తీస్తారు. ఆవిరితోనో, తడి గోనెపట్టాలతోనో క్యూరింగ్ చేస్తారు, అంటే తేమ ఆరిపోకుండా గట్టిపడనిస్తారు. అదే కాంక్రీటుతో పోసిన చిన్న దిమ్మలను నలిపి చూసే క్యూబు పరీక్షలో తగినంత బలం వచ్చిందని తేలాక బల్లను వంచి పలకను లేపి యార్డులో నిలబెడతారు. వంతు వచ్చినప్పుడు అది లారీ ఎక్కుతుంది.

మామూలు ఇటుక గోడలో స్విచ్ పెట్టె అంగుళం పక్కకు పోతే ఎలక్ట్రీషియన్ గోడ చెక్కి సర్దుతాడు. మూల వంకరగా వస్తే మేస్త్రీ ప్లాస్టరింగ్‌తో సరిచేస్తాడు. ఇటుక గోడ రోజుల తరబడి కళ్లముందే లేస్తుంది కనుక దిద్దుబాటుకు సమయం ఉంటుంది. ప్రీకాస్ట్ పలకలో ఆ వెసులుబాటు లేదు. కాంక్రీటు పడ్డ ఆ కాసేపట్లో కొలత, పైపు, కడ్డీ, కొక్కెం అన్నీ ఎక్కడున్నవి అక్కడే గడ్డకడతాయి. తర్వాత చెక్కితే కడ్డీ తెగుతుంది. పైగా అదే అచ్చులో అదే పలక మళ్లీ మళ్లీ పోస్తారు కాబట్టి తప్పు ఒక గోడతో ఆగదు. ఫ్యాక్టరీ అనగానే నాణ్యత దానంతట అదే వస్తుందనుకునేవారు ఈ సంగతి గమనించాలి. మంచి అచ్చు మంచి గోడలను ఎంత తేలిగ్గా ఇస్తుందో, తప్పుగా బిగించిన అచ్చు తప్పు గోడలను అంత తేలిగ్గానూ ఇస్తుంది.

నేను పనిచేసిన ఒక యార్డులో జరిగింది చెబుతాను. యార్డు పేరు చెప్పను, అలాంటివి ఇంకా ఉన్నాయి కనుక పేరుతో పనిలేదు. వరండాకు అటూ ఇటూ ఉండే ఫ్లాట్లలో ఎడమ కుడి తారుమారవుతాయి. ఒక ఫ్లాటు వంటగది గోడకు స్విచ్ పెట్టెలు, పొగ గొట్టం రంధ్రం ఎడమవైపు వస్తే, ఎదుటి ఫ్లాటులో కుడివైపు రావాలి. రెండిటికీ డ్రాయింగు దాదాపు ఒక్కటే, మూలన చిన్న అక్షరం మారుతుంది. అచ్చు ఒకసారి బిగించారు కదా అని వంటగది గోడలన్నీ వరసపెట్టి పోశారు. అన్నీ ఒకే వైపువి. అవి వారాల తరబడి యార్డులో నిలబడ్డాయి. చివరికి సైటులో క్రేను ఎత్తి పెట్టాక, పైనుంచి వచ్చే పైపు ఒకచోట, గోడలో పైపు మరోచోట ఉన్నట్టు బయటపడింది. అప్పటికి అలాంటి గోడలు యార్డు నిండా ఉన్నాయి. కోర్ కట్టర్‌తో కొత్త రంధ్రాలు తీశారు, కడ్డీలు తెగాయి, పాత రంధ్రాలను మోర్టారుతో పూడ్చారు.

విచారణలో జాలి కట్టిన కార్మికుడి మీదకు తోశారు. ఒడిశా నుంచి వచ్చిన యువకుడు. ఎదుటి ఫ్లాటుకు మొదటి గోడ పోసిన రోజే అతడికి అనుమానం వచ్చింది. నిన్నటి పలకలో పెట్టె ఇటువైపు ఉందే, ఇవాళ కూడా ఇటే ఉందేమిటని సూపర్‌వైజర్‌ను అడిగాడు. డ్రాయింగు సంగతి నీకెందుకు, బండి వచ్చేసింది, పోయించు అన్నాడు సూపర్‌వైజర్. మిక్సర్ లారీ గేటు దగ్గర నిలబడి ఉంటే పోత ఆపడమంటే ఎవరికైనా భయమే. ఆ ఒక్క పలక దగ్గర కాసేపు ఆగి డ్రాయింగు చూసి ఉంటే ఒక్క గోడ కూడా చెడిపోయేది కాదు. లోపాన్ని అందరికంటే ముందు చూసినవాడు అక్కడే ఉన్నాడు. కానీ ఆపే హక్కు అతడికి లేదు.

వృథా లేకుండా, లోపాన్ని పుట్టిన చోటే పట్టుకుంటూ తయారుచేసే లీన్ ఉత్పత్తి పద్ధతి గురించి మన దగ్గర సెమినార్లు జరుగుతుంటాయి. పెద్ద పెద్ద ఫ్లెక్సీలు, జపనీస్ మాటలు, రంగురంగుల పట్టికలు. నన్నడిగితే దాని ప్రాణం ఒక మగ్గంలో ఉంది.

నేను సిరిసిల్లలో సాంచాల, అంటే మరమగ్గాల చప్పుడు మధ్య పెరిగాను. అక్కడ ఒక్కో మనిషి కొన్ని సాంచాలను ఒకేసారి చూసుకుంటాడు. పడుగులో పోగు తెగినప్పుడు సాంచా ఆగకపోతే బట్ట అలాగే నేసుకుంటూ పోతుంది. తెగిన పోగు జాడ గజాల పొడవునా గీతలా పడుతుంది. మనిషి అటు తిరిగి చూసేసరికి బట్ట పాడైపోయి ఉంటుంది. జపాన్‌లో సకిచి టొయోడా 1924లో తెచ్చిన ఆటోమేటిక్ మగ్గం పోగు తెగగానే దానంతట అదే ఆగిపోయేది. మనిషి ప్రతి మగ్గాన్నీ కాపలా కాయనక్కరలేదు, ఆగినదాని దగ్గరికి వెళ్తే చాలు. ఆ మగ్గం హక్కులను 1929లో ఇంగ్లండ్‌లోని ప్లాట్ బ్రదర్స్ కంపెనీ తీసుకుంది. టొయోడా కుటుంబం తర్వాత కార్ల తయారీలోకి వెళ్లింది. టయోటా ఉత్పత్తి పద్ధతిని తీర్చిదిద్దిన తైచి ఓనో కూడా 1932లో ఆ కుటుంబానికి చెందిన నూలు, నేత మిల్లులోనే ఉద్యోగంలో చేరి, ఆ తర్వాత కార్ల విభాగానికి మారినవాడే. పోగు తెగితే మగ్గం ఆగాలన్న సూత్రం కార్ల కర్మాగారంలో, లోపం చూసిన కార్మికుడు తాడు లాగి సహాయం పిలిచి, అవసరమైతే లైనే ఆపే ఏర్పాటుగా మారింది.

శ్రీసిటీలో మా లైను దగ్గర ఆ ఏర్పాటు ఉండేది. తాడుకు బదులు మీట. కొత్తగా చేరిన డిప్లొమా అమ్మాయి కూడా మీట నొక్కగలదు. నొక్కగానే పసుపు దీపం వెలుగుతుంది, లైను లీడరు పరుగెత్తుకొస్తాడు. ఆయన మొదట అడిగేది ఎవరు చేశారని కాదు, ఏం కనిపించిందని. అక్కడికక్కడే తేలితే లైను కదులుతుంది, తేలకపోతే ఆగుతుంది. అలా ఆపినందుకు ఎవరికీ జీతం కోయలేదు. సాయంత్రం మీటింగులో ఆ లోపం ఎందుకు వచ్చింది, దానికి కారణమేమిటి, ఆ కారణానికి కారణమేమిటి అని తవ్వుకుంటూ వెళ్లేవాళ్లం. ఆ తవ్వకం చివర తరచుగా కనిపించేది మనిషి నిర్లక్ష్యం కాదు. వదులైన బిగింపో, తప్పుగా పెట్టడానికి వీలిచ్చిన భాగమో, చీకటిగా ఉన్న మూలో.

ప్రీకాస్ట్ యార్డుకు వచ్చాక నాకు అన్నిటికంటే వింతగా తోచింది ప్యాచింగ్ గ్యాంగ్. పలక అచ్చులోంచి లేవగానే వీళ్ల పని మొదలవుతుంది. కాంక్రీటు సరిగా కుదరక గుల్లలు పడ్డ చోట్ల పూత, విరిగిన అంచులకు అతుకు, కనిపించే కడ్డీ మీద మోర్టారు. పనితనం గలవాళ్లు. వాళ్లను తక్కువ చేయడం లేదు. అయితే రోజూ పూడ్చడానికి ఒక గ్యాంగును జీతమిచ్చి పెట్టుకున్న యార్డు, లోపం రోజూ వస్తుందని ముందే ఒప్పుకున్నట్టే కదా. పూడ్చిన చోటు కంటికి నున్నగా ఉంటుంది. తనిఖీకి వచ్చే ఇంజినీరుకు గుల్ల కనిపించదు. అది ఏ పలకలో, ఏ బల్ల మీద, ఏ పూట వచ్చిందో ఎవరూ రాసిపెట్టరు. కాబట్టి మర్నాడు అదే బల్ల మీద అదే గుల్ల.

గుల్లను పూడిస్తే పోయేదేముంది అనుకోవచ్చు. కాంక్రీటు పనికి భారత ప్రమాణమైన ఐఎస్ 456 ప్రకారం, అంతగా చెమ్మ తగలని చోట కూడా కడ్డీ మీద సాధారణంగా 20 మిల్లీమీటర్ల కాంక్రీటు కవచం ఉండాలి. చెమ్మ తగిలే చోట ఇంకా ఎక్కువ. కవర్ బ్లాకు నలిగిపోయి జాలి బల్లను తాకితే ఆ కవచం ఉండదు. పైన మోర్టారు రుద్దినా చెమ్మ లోపలికి పోయి కడ్డీ తుప్పు పడుతుంది, తుప్పు ఉబ్బి కాంక్రీటును పగలగొడుతుంది. ఇదంతా ఇల్లు అప్పగించిన నాడు కనిపించదు. ఏళ్ల తర్వాత, గృహరుణం ఇంకా కడుతున్న కుటుంబానికి కనిపిస్తుంది.

పలకల మధ్య కీళ్ల సంగతి ఇంకా పెద్దది. యార్డులో తయారైన పలక ఎంత బాగున్నా, సైటులో గోడకూ గోడకూ, గోడకూ స్లాబుకూ మధ్య గ్రౌటు, అంటే సందులు పూడ్చే సిమెంటు మిశ్రమం, నింపేది మనుషులే. ఎత్తు మీద, ఎండలో, తర్వాతి పలకతో క్రేను తొందరపెడుతుండగా నింపుతారు. లండన్‌లోని రోనన్ పాయింట్ భవనం కథ ప్రీకాస్ట్ పనిలో ఉన్న ప్రతి ఒక్కరూ తెలుసుకోవాలి. పెద్ద ప్రీకాస్ట్ పలకలతో కట్టిన 22 అంతస్తుల భవనం అది. 1968 మే 16 తెల్లవారుజామున 18వ అంతస్తులో ఒక మహిళ టీ కోసం స్టవ్ వెలిగించగా గ్యాస్ పేలి మూల గోడ ఎగిరిపోయింది. దాని మీద ఆనుకున్న పై అంతస్తులు, ఆ బరువుకు కింది అంతస్తులు, భవనం ఒక మూలంతా కూలింది. నలుగురు చనిపోయారు. భవనంలోకి జనం వచ్చి అప్పటికి రెండు నెలలే. దాన్ని బాగుచేసి మళ్లీ వాడారు. చివరికి 1986లో ఒక్కో అంతస్తూ విప్పుతూ తీసేసినప్పుడు కీళ్ల లోపల ఏముందో బయటపడింది. మోర్టారు నిండా ఉండాల్సిన చోట ఖాళీలు, కొన్నిచోట్ల కుక్కిన వార్తాపత్రికల కాగితాలు. డిజైనులోనే పెద్ద లోపం ఉందని పేలుడు తర్వాత జరిగిన విచారణే తేల్చింది. ఆ లోపానికి ఈ పనితనం తోడైంది. ఆ కీళ్లు నింపినవాళ్లలో ఎవరికో మోర్టారు సరిపోలేదని ఆ క్షణాన తెలిసే ఉంటుంది. ఆగి చెప్పే దారి వారికి ఉందా అన్నదే నా ప్రశ్న.

మన దేశంలోనూ ఇది కొత్త కాదు. విభజన తర్వాత శరణార్థులకు త్వరగా ఇళ్లు ఇవ్వాలని, వాస్తుశిల్పి ఓటో కోనిగ్స్‌బర్గర్ ఆధ్వర్యంలో ఢిల్లీలో ప్రభుత్వ గృహ కర్మాగారం పెట్టారు. ఉద్దేశం గొప్పది. పలకల నాణ్యత దగ్గరే అది దెబ్బతింది. అక్కడే తర్వాత నిలదొక్కుకున్న సంస్థే హిందుస్థాన్ ప్రీఫాబ్ లిమిటెడ్. 2001 జనవరి 26న భుజ్ భూకంపంలో, అంతకు కొద్దికాలం ముందే ప్రీకాస్ట్ భాగాలతో కట్టిన పాఠశాల భవనాలు చాలా దెబ్బతిన్నాయి. పలకల బలం కంటే వాటిని ఒకదానితో ఒకటి కట్టిపడేసే ఏర్పాటు లేకపోవడమే అక్కడ ప్రధాన లోపం.

దీనికి ఎదురుగా జపాన్‌ను చూడండి. సెకిసుయి కెమికల్ సంస్థ 1970 దశకం మొదట్లోనే ఉక్కు చట్రాల గదులను ఫ్యాక్టరీలో తయారుచేసి ఇళ్లుగా అమ్మడం మొదలుపెట్టింది. టయోటా 1975లో ఇళ్ల వ్యాపారంలోకి దిగింది. అక్కడ ఫ్యాక్టరీ ఇల్లు చవక ఇల్లు కాదు. వడ్రంగి కట్టే మామూలు ఇంటికంటే తరచుగా ఎక్కువ ధరే. నమ్మకం కోసం కొంటారు. 1995 కోబే భూకంపాన్ని ఇలాంటి ఇళ్లు బాగా తట్టుకున్నాక ఆ నమ్మకం ఇంకా పెరిగింది. కొత్త ఇంటి ముఖ్య నిర్మాణానికీ, వాన నీరు లోపలికి రాకుండా ఉండడానికీ పదేళ్ల బాధ్యత అక్కడ చట్టమే విధిస్తుంది. వాళ్ల దగ్గర మనకంటే మంచి యంత్రాలున్నాయని మన యార్డు యజమానులు అంటారు. ఉన్నాయి, నిజమే. కానీ గది పెట్టె ఒక మజిలీ నుంచి తర్వాతి మజిలీకి కదిలే ముందు లోపం అక్కడే తేల్చుకునే అలవాటుకు కోట్ల రూపాయల యంత్రం అక్కరలేదు.

ఈ మాట ఊరికే అనడం లేదు. నేను ఇప్పుడున్న యార్డులో ఒక షెడ్డు వరకు మా మేనేజరు నా మాట విన్నారు. మొదట చేసింది, నిలవ తగ్గించడం. సైటులో వచ్చే వారం ఏ గోడలు నిలబెడతారో వాటినే పోయడం, వచ్చే నెలవి ఇప్పుడే పోయకపోవడం. అచ్చు మార్చే పని పెరిగిందని ఫోర్‌మన్ గొణిగారు. ఆయన బాధ అర్థం చేసుకోదగ్గదే, అచ్చు మార్చడానికి పూటంతా పట్టేది. అంచులు బిగించే అయస్కాంతాలకు బల్ల మీద శాశ్వతంగా గుర్తులు గీసి, పనిముట్లన్నీ బల్ల పక్కనే ఒక బండి మీద సర్దిపెట్టాక ఆ సమయం చాలా తగ్గింది. వెతుకులాటలోనే సగం పొద్దు పోయేదని అప్పుడుగాని ఎవరికీ తెలియలేదు. పలక పోసిన కొద్ది రోజులకే సైటులో నిలబడుతోంది కనుక ఏదైనా తేడా ఉంటే వెంటనే కబురొస్తుంది. సైటు ఫోర్‌మన్ ఫోనులో ఫొటో తీసి పంపుతారు, ఆ పలక పోసినవాళ్లే ఆ ఫొటో చూస్తారు. వాళ్లకు తాము పోసిన గోడ ఇంట్లో ఎక్కడ నిలబడుతుందో చూడడం అదే మొదటిసారి. ఒక మేస్త్రీ ఆ ఫొటోను తన ఊళ్లో వాళ్లకు పంపుకున్నారు.

ఎడమ కుడి తికమకకు డ్రాయింగుల అంచుకు రెండు రంగులు వేశాం, బల్లకూ అదే రంగు గుర్తు. చదువు రానివారికీ, తెలుగు రానివారికీ రంగు తెలుస్తుంది. స్విచ్ పెట్టెలు వైబ్రేటర్ అదురుకు జరిగిపోతున్నాయంటే, ముందు గట్టిగా కట్టండని కేకలేసేవారు. ఎందుకు జరుగుతున్నాయని తవ్వితే, పెట్టెను పట్టి ఉంచేది సన్నని బైండింగ్ వైరు ఒక్కటే అని తేలింది. బల్లకు అంటుకునే అయస్కాంతపు దిమ్మ మీద పెట్టెను బోర్లిస్తే అది జరగదు. ఆ దిమ్మలు మన దగ్గరే లేత్ మీద చేయించాం. అన్నిటికంటే ముఖ్యమైంది, పోతకు ముందు చివరి మాట జాలి కట్టిన జట్టు నాయకుడిది. ఆయన పచ్చ బిళ్ల బల్లకు తగిలిస్తేనే కాంక్రీటు బకెట్టు కదులుతుంది. మిక్సర్ లారీ ఎదురుచూస్తున్నా సరే. మొదట్లో ఆ బిళ్ల తగిలించకుండా ఎవరూ పోత ఆపలేదు, భయపడ్డారు. ఆపిన మొదటి వ్యక్తికి మేనేజరు అందరి ముందూ ధన్యవాదాలు చెప్పాక భయం తగ్గింది. ఆ షెడ్డులో ప్యాచింగ్ గ్యాంగుకు ఇప్పుడు పని బాగా తగ్గింది. వాళ్లలో ఇద్దరిని కీళ్ల గ్రౌటింగ్ తనిఖీకి తీసుకున్నాం. గుల్ల ఎక్కడ పడుతుందో వాళ్లకంటే బాగా తెలిసినవాళ్లు లేరు.

పక్క షెడ్డులో ఇది సాగలేదు. అక్కడ పోత పని కాంట్రాక్టరుకు పీస్ రేటు మీద ఇచ్చారు. ఎన్ని ఘనమీటర్లు పోస్తే అంత డబ్బు. ఒడిశా, జార్ఖండ్, బిహార్ నుంచి వచ్చినవాళ్లు ఇంటికి పంపే డబ్బు ఆ లెక్క మీదే ఆధారపడి ఉంది. పోత ఆపితే వాళ్ల కూలి ఆగుతుంది. అలాంటప్పుడు లోపం కనిపించినా చూడనట్టు ఊరుకోవడం వాళ్ల తప్పని నేను అనలేను. గోడకు అంటించిన నినాదాలు, హెల్మెట్ మీద స్టిక్కర్లు, నెలకొక శిక్షణ తరగతి, ఇవేవీ పీస్ రేటు ముందు నిలవవు. లీన్ పేరుతో మనుషులను తీసేసి, మిగిలినవారి మీద పని మోపడం కూడా నేను చూశాను. అది ఆ పద్ధతికి పూర్తిగా విరుద్ధం. ఆపినా కూలి పోదన్న భరోసా లేనిచోట ఎవరూ నోరు విప్పరు. ఎవరూ నోరు విప్పని చోట లోపాలన్నీ పూత కిందికే చేరతాయి.

ఇప్పుడు ఈ సంగతి ఎందుకు ఎత్తుతున్నానంటే, ప్రభుత్వాలు ఈ దారిలోకి వస్తున్నాయి. కేంద్రం 2021 జనవరి 1న ఆరు నగరాల్లో, కొత్త నిర్మాణ పద్ధతులతో ఇళ్లు కట్టి చూపే లైట్ హౌస్ ప్రాజెక్టులకు శంకుస్థాపన చేసింది. అందులో చెన్నైలో 1,152 ఇళ్లను ప్రీకాస్ట్ భాగాలతో కట్టి 2022 మేలో ప్రారంభించారు. రాంచీలో గదులనే పెట్టెల్లా పోసి పేర్చే పద్ధతి ఎంచుకున్నారు. ఆంధ్రప్రదేశ్‌లో పట్టణ పేదల కోసం కట్టిన టిడ్కో ఇళ్లు సైటులోనే అచ్చులు బిగించి గోడలు, స్లాబు కలిపి పోసే షియర్ వాల్ పద్ధతివి, ఫ్యాక్టరీవి కావు. అయినా కాంక్రీటు ఒక్కసారి పడితే దిద్దలేమన్న చిక్కు అక్కడా ఇదే. రేపు తెలుగు రాష్ట్రాల్లో పేదల ఇళ్లకు ప్రీకాస్ట్ టెండర్లు పిలిస్తే, గడువు తప్పితే జరిమానా అన్న షరతు తప్పక ఉంటుంది. గోడ లోపల ఏముందో రాసిపెట్టాలన్న షరతు ఉంటుందా?

గృహనిర్మాణ శాఖల అధికారులకు నా విన్నపం ఇది. ప్రతి పలకకూ ఒక సంఖ్య ఇచ్చి, ఏ బల్ల మీద, ఏ రోజు, ఎవరి జట్టు పోసింది, క్యూబు ఫలితం ఎంత, ఏ మరమ్మతు చేశారు అన్నది ఆ సంఖ్య కింద రాయించండి. మరమ్మతు చేస్తే దాచాల్సిన పని లేదు, పోతకు ముందు తీసిన ఫొటోతో సహా నమోదు కావాలి. పోతకూ, కీళ్లు నింపడానికీ పీస్ రేటు వద్దని టెండరులోనే రాయండి. ఆ రెండు పనులకూ రోజు కూలి లేదా నెల జీతం ఉండాలి. పోత ఆపిన కార్మికుడి కూలి కోయరాదన్న మాట కాంట్రాక్టరు చేత రాయించుకోండి. మొదటి ఫ్లాటును పూర్తిగా నిలబెట్టి, బయటి కీళ్ల మీద నీళ్లు కొట్టి, లోపలి గోడ తడి చూసిన తర్వాతే మిగతా పలకల పోతకు అనుమతి ఇవ్వండి. కొన్ని కీళ్లను ఎంచి తెరిచి, గ్రౌటు నిండుగా ఉందో లేదో చూడండి. దీనివల్ల మొదటి నెల ఆలస్యమవుతుంది. ఆ ఆలస్యాన్ని గడువులోనే కలిపి ఇవ్వండి.

ప్రైవేటు అపార్టుమెంట్లలో ప్రీకాస్ట్ ఫ్లాటు కొనేవారికి కూడా ఒక మాట. ఇళ్ల కొనుగోలుదారులకు రక్షణ కల్పించే 2016 రెరా చట్టం ప్రకారం, ఇల్లు అప్పగించిన ఐదేళ్లలోపు నిర్మాణంలో, పనితనంలో, నాణ్యతలో లోపం బయటపడి మీరు బిల్డరు దృష్టికి తెస్తే, 30 రోజుల్లో తన ఖర్చుతోనే సరిచేయాలి. చెమ్మ మరక కనిపించగానే పెయింటరును పిలవకండి. ముందు ఫొటో తీసి రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. కొనే ముందు షోరూములోని నమూనా ఫ్లాటుతో పాటు, మీ గోడలు పోసే యార్డును చూపించమని అడగండి. అక్కడ పలకల మీద సంఖ్యలున్నాయా, వాటి కాగితాలు చూపిస్తారా అని చూడండి. ఒక కార్మికుణ్ణి పలకరించి, తేడా కనిపిస్తే మీరు పోత ఆపగలరా అని అడగండి.

మీ విలేకరులు కూడా ఒకసారి యార్డులకు వచ్చి, అంతస్తు ఎన్ని రోజుల్లో లేచిందన్న లెక్కతో పాటు, పోసిన పలకల్లో ఎన్నిటికి పూత వేయాల్సి వచ్చిందన్న లెక్కనూ అడిగి ప్రచురించాలని కోరుతున్నాను. ఉద్యోగంలో ఉన్నందువల్ల నా పేరు, యార్డు పేరు ప్రచురించవద్దని మనవి.

ఇట్లు,
ఒక నాణ్యత తనిఖీ ఉద్యోగిని,
మేడ్చల్